నంబరు నొక్కితే తెరుచుకొనే పెన్‌డ్రైవు కోసం ఆదోనికి

తాళం పడే పెన్‌డ్రైవు ఒకటి కొనాలని నేను, రత్నమ్మ కలిసి ఎమ్మిగనూరు, అక్కడి నుంచి ఆదోని వెళ్ళి వచ్చాం. తిరిగొచ్చాక మా శుక్రవారం కూటంలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి అడిగారు. చెప్పీ చెప్పీ గొంతు పోయింది. రాసి పెట్టు, చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి వినిపిస్తారు, వేరే ఊళ్ళ వాళ్ళకు కూడా పనికొస్తుంది అని పాస్టరమ్మ అంది. నేను ఐదో తరగతి వరకే చదివాను. ఇంత పెద్దది రాయడం ఇదే మొదలు. ఎక్కడైనా తప్పు రాసి ఉంటే దిద్దుకొని చదవండి.

రత్నమ్మ అసలు పేరు అది కాదు. మా ఊరి పేరు కూడా రాయలేదు, నందవరం దగ్గర అనుకోండి చాలు. ఆ మాట మీదే ఆమె రాయనిచ్చింది.

ఎందుకు బయల్దేరాం

ఆదోనిలో దీనమ్మ అని ఒక పెద్దామె ఉంది. చూపు పోయి చాలా కాలమైంది. చూపు ఉన్నప్పుడు ఆస్పత్రిలో ఆయాగా పనిచేసింది. ఇప్పుడు మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ కోసం పేరు పేరునా ప్రార్థన చేయడమే ఆమె పని. ఆమె చదవలేదు, మాలో చాలామంది రాయలేరు. అందుకని పాటలు పాడే చిన్న పెట్టె ఒకటి కొన్నాం. అందులో పెన్‌డ్రైవు పెట్టి ఎర్ర బటను నొక్కితే మన మాట రికార్డు అవుతుంది. ఒక్కొక్కరం మందిరం వెనక్కు పోయి మనసులోది చెప్పుకుంటాం. నెలకోసారి ఆదోనికి పోయేవాళ్ళ చేతికి ఆ పెన్‌డ్రైవు ఇచ్చి పంపుతాం. దీనమ్మ దగ్గర కూడా అలాంటి పెట్టే ఉంది. అన్నీ విని, అందులోనే తన మాట చెప్పి పంపుతుంది. ప్రార్థన చేశాను అని ఊరికే వదలదు. నీ దగ్గు మామూలు దగ్గు కాదు, కఫం పరీక్ష చేయించుకో అంటుంది. ఆమె మాట విని బతికినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు.

ఫోనులో చెప్పుకోవచ్చు కదా అని మీరు అనుకోవచ్చు. మా ఇళ్ళల్లో ఫోను ఒకరిది కాదు. మొగుడు తీస్తాడు, పిల్లలు తీస్తారు, పక్కింటివాళ్ళు అడిగి తీసుకుంటారు.

పోయిన పత్తి తీసే కాలంలో ఒక పొద్దున, మమ్మల్ని చేనుకు తీసుకుపోయే ట్రాక్టరు డ్రైవరు పాటలుంటాయనుకొని, మందిరంలో పెట్టెకున్న పెన్‌డ్రైవు పీకి ట్రాక్టరు సౌండు బాక్సుకు పెట్టాడు. వచ్చింది పాట కాదు, రత్నమ్మ గొంతు. ట్రాలీ నిండా జనం, టీ అంగడి ముందర మగవాళ్ళు. ఆమె చెప్పుకున్నది ఒక ఆడ జబ్బు సంగతి. అంతకంటే రాయను. డ్రైవరు కంగారులో ఆపబోయి సౌండు పెంచాడు.

ఆ రోజు నుంచి రత్నమ్మ కూటానికి రావడం మానేసింది. మిగతావాళ్ళు వచ్చినా పెట్టె ముందు నోరు తెరవడం ఒక్కొక్కరే మానేశారు. ఆమె జబ్బు మాత్రం మానలేదు. పత్తి చేనులో ఒక సాలు తీసేలోపు మూడుసార్లు నడుము పట్టుకొని కూర్చునేది. ఆస్పత్రికి పోదాం రా అంటే, "ఆ డాక్టరు ఇంకెవురికి సెప్తాడో" అనేది.

మా కూటంలో వంట చేసే ప్రతిసారీ ఒక గుప్పెడు బియ్యం దేవుడికని పక్కన పెడతాం. ఆ బియ్యం అమ్మిన డబ్బు ఉంది. దాంతో తాళం పడే పెన్‌డ్రైవు కొందామని అందరూ అన్నారు. అలాంటివి ఉన్నాయని పాస్టరమ్మ కొడుకు ఎక్కడో చూశాడట. నేను రత్నమ్మ ఇంటికి పోయి, నువ్వు చూసి సరే అంటేనే కొనేది అన్నాను.

ఆమె చేటతో చెరుగుతూ తలెత్తలేదు. "ఏ తాళమైనా తీసేటోళ్ళు ఉంటారు లేక్కా. నేనొచ్చి అది నీకు సూపిస్తా పా" అంది.

అట్లా బయల్దేరాం. కొనడానికి నేను, కొననీయకుండా చేయడానికి ఆమె.

ఎమ్మిగనూరు: మా వేళ్ళను పోల్చుకోని పెన్‌డ్రైవు

ఆడవాళ్ళకు బస్సులో ఇప్పుడు సున్నా టికెట్టు. ఆధార్ కార్డు చూపిస్తే చాలు. రత్నమ్మ ఆ టికెట్టును దిగేదాకా చేతిలో పట్టుకొనే ఉంది. పారేయవచ్చు అంటే, "దిగేటప్పుడు అడిగితే?" అంది. ట్రాక్టరు సంగతి తర్వాత ఆమె ఏ చిన్నదాన్నీ నమ్మడం లేదు.

ఎమ్మిగనూరులో దిగగానే ఉగ్గాని తిన్నాం. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడతారు. ప్లేటు ముప్పై రూపాయలు. ఇంట్లో నేను చేస్తే బొరుగులు ముద్ద అవుతాయి. అక్కడ ఒక్కొక్కటీ విడివిడిగా ఉన్నాయి. ఎట్లా అని అడిగితే బండి దగ్గరామె, "నీళ్ళల్లో ముంచి ఎంటనే పిండల్ల, నిద్రపోనియ్యగూడదు" అంది. బజ్జీ తిన్న చేత్తో కళ్ళు తుడుచుకున్నాను. అంతే, రెండు కళ్ళూ మంటెత్తి నీళ్ళు కారడం మొదలుపెట్టాయి. ఆ కళ్ళతోనే కంప్యూటరు షాపులోకి పోయాను. షాపాయన నా ముఖం చూసి లేచి నిలబడి కుర్చీ వేసి, "ఏం పోయిందమ్మా, ఫోటోలా?" అని అడిగాడు. పోయిన ఫోటోల కోసం ఏడుస్తూ వచ్చేవాళ్ళు ఆయనకు చాలామందట.

మా పని చెప్పాను. ఆయన ఒక మామూలు పెన్‌డ్రైవు తీసి, దీనికే తాళం వేసిస్తాను, ఖరీదైనది కొనక్కర్లేదు అన్నాడు. కంప్యూటరులో ఏదో ఎక్కించి, పాస్‌వర్డు పెట్టాడు. పాస్‌వర్డు కొడితే తెరుచుకుంది, కొట్టకపోతే తెరుచుకోలేదు. నాకు అప్పుడే సంతోషం వేసింది. రత్నమ్మ మాత్రం సంచిలోంచి మా పెట్టె తీసి ఆయన ముందు పెట్టింది.

"దీంట్లో పెట్టి పాడించన్నా."

పెట్టాడు. పెట్టె పలకలేదు. ఆ తాళం తీయాలంటే కంప్యూటరు కావాలట. పాస్‌వర్డు కొట్టడానికి మా పెట్టెకు అక్షరాలూ లేవు, తెలివీ లేదు.

"దీనమ్మకు కంప్యూటరు కొనిచ్చేదాక్కా?" అంది రత్నమ్మ నాతో.

అప్పుడాయన ఇంకోటి తీశాడు. వెండి రంగులో ముచ్చటగా ఉంది. మధ్యలో చిన్న గుంట. వేలు పెడితే మనదే అని తెలుసుకొని తెరుచుకుంటుందట. మొదట ఒకసారి కంప్యూటరులో మన వేలు దానికి నేర్పితే చాలు, తర్వాత ఏ పెట్టెలో పెట్టినా పనిచేస్తుందన్నాడు. తన వేలు నేర్పి చూపించాడు. పచ్చ దీపం వెలిగింది. నా వేలు పెడితే ఎర్ర దీపం. మనిషిని వేలితో గుర్తుపడుతుందంటే నాకు ఒళ్ళు జలదరించింది. అన్ని వేళ్ళల్లో నా వేలు ఏదో ఆ ఇనుప ముక్కకు తెలుస్తుంది.

నా వేలు నేర్పమన్నాను. పెట్టాను, తీశాను, పెట్టాను. నేర్చుకోలేదు. కొంగుతో తుడిచి పెట్టాను. రత్నమ్మ పెట్టింది. అదీ లేదు. ఆయన మా ఇద్దరి చేతులూ తిప్పి చూశాడు. పత్తి తీసేటప్పుడు ఎండిన కాయ మొనలు వేళ్ళకు గుచ్చుకొని గీసుకుపోతాయి. ఏళ్ళ తరబడి తీస్తే వేలి మీద గీతలు అరిగి నున్నగా అయిపోతాయి.

"రేషన్ మిషను కాడ గూడా ఇంతేన్నా మాకు" అంది రత్నమ్మ. "ఆ డీలరు నిమ్మకాయ రుద్దుకోని రా పో అంటాడు. నీ కాడ నిమ్మకాయ ఉందా?"

షాపాయన నవ్వి, నవ్వు ఆపుకొని, పాపం చాలాసేపు తన దగ్గరున్నవన్నీ తీసి చూశాడు. చివరికి, నంబర్ల బటన్లు ఉండే రకం ఒకటుంది, కంప్యూటరూ అక్కర్లేదు, వేలి గీతలూ అక్కర్లేదు, నా దగ్గర లేదు, ఆదోనిలో బాషా అనే ఆయన షాపులో అడగండి అని ఫోను చేసి కనుక్కున్నాడు. మా దగ్గర ఏమీ తీసుకోలేదు. తాళం వేసిన పెన్‌డ్రైవు వెనక్కు పెట్టుకున్నాడు.

మగ్గాల వీధిలో ఒక సాయంత్రం

అప్పటికే పొద్దు వాలింది. మా పిన్ని ఇల్లు నేతవాళ్ళ వీధి చివర ఉంది. ఆమె పక్కింటి మగ్గానికి నూలు కండెలు చుట్టి పెడుతుంది. జొన్న రొట్టెలు, పుంటికూర అంటే గోంగూర పప్పు చేసి పెట్టింది. మా ఊళ్ళో రొట్టె చేత్తో తట్టి మందంగా కాలుస్తాం. పిన్ని రొట్టె పలుచన, పొంగి రెండు పొరలుగా వస్తుంది. రత్నమ్మ రెండు పొరలూ విడదీసి, "మీ ఊర్లో ఒక రొట్టె అంటే రెండు" అంది. ట్రాక్టరు తర్వాత ఆమె సరదాగా మాట్లాడగా నేను వినడం అదే.

ఆ వీధిలో మగ్గం చప్పుడు ఆగదు. టకటక టకటక. మాట వినపడాలంటే అరవాలి. మనం ఇంట్లో అంత గట్టిగా మాట్లాడితే కొట్లాట అనుకుంటారు. అక్కడ క్షేమం కూడా అరిచే అడుగుతారు. నాకు తలనొప్పి వచ్చింది. రత్నమ్మ మాత్రం గోడకు ఆనుకొని కళ్ళు మూసుకొని కూర్చుంది.

"నిద్దరొస్తాందా?" అని అడిగాను.

"లేదక్కా. ఈడ ఏం మాట్లాడినా పక్కనోళ్ళకు ఇనపడదు గదా. బాగుండాది."

పిన్ని మేము దేనికి వచ్చామో అడిగింది. సామాను కొనడానికి అన్నాను. రత్నమ్మ నా వైపు చూసి, బాగా చెప్పావు అన్నట్టు తల ఊపింది.

ఆదోని: తల తెల్లబడిన రోడ్డు

మరుసటి రోజు పొద్దున ఆదోని బస్సెక్కాం. నేను చిన్నప్పుడు ఒకసారి వచ్చానంటారు, నాకు గుర్తులేదు. కాబట్టి ఇదే మొదటిసారి అనుకోండి.

మేము ఏరేది ఒడిలో పట్టేంత పత్తి. సాయంత్రానికి గోతం. అంతవరకే నాకు తెలుసు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కుప్పలు చూసి నేను నడవడం మరిచిపోయాను. ఇళ్ళంత ఎత్తు. తెల్లగా, కళ్ళు పొడిచేంత తెల్లగా. బండ్లు వస్తూనే ఉన్నాయి. మనుషులు కుప్ప మీద నిలబడితే మేఘం మీద నిలబడినట్టుంది. ఇదంతా మాలాంటి వాళ్ళు ఒక్కొక్క కాయలోంచి వేళ్ళతో పీకిందే. ఎన్ని వేళ్ళు పడి ఉంటాయో. గీతలు అరిగిన వేళ్ళన్నీ ఇక్కడికి వచ్చి కుప్ప పడ్డట్టు అనిపించింది. ఆ మాట రత్నమ్మతో అంటే, "ఎండకు నీకు ఏందో అయినాదక్కా, నీళ్ళు తాగు" అంది.

పత్తి గింజలు వేరు చేసే జిన్నింగు మిల్లుల పక్కన నడుస్తుంటే గాలికి పత్తి నూగు ఎగిరి మీద పడింది. చూసుకుంటే ఇద్దరి జుట్టూ తెల్లబడి ఉంది. నవ్వుకుంటూ దులుపుకున్నాం, అయినా పోలేదు. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కన్నడంలో ఏదో అని నవ్వారు. ఆదోనిలో తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ ఒకే టీ అంగట్లో వినపడతాయి. ఒకాయన కన్నడంలో టీ అడిగి, ఉర్దూలో బేరమాడి, తెలుగులో తిట్టి పోయాడు. టీ పది రూపాయలు, కప్పు మాత్రం బొటనవేలంత.

బాషా షాపులో

చిన్న షాపు. గోడ నిండా కెమెరాలు, వైర్లు. బాషా నడివయసు మనిషి. ముందే ఫోను వచ్చింది కాబట్టి మమ్మల్ని చూడగానే, "ఎమ్మిగనూరు నుంచి వచ్చిన అక్కలు మీరేనా, రాండి కూసోండి" అన్నాడు.

అద్దాల బీరువాలోంచి ఒక డబ్బా తీశాడు. లోపల నల్లగా, చిటికెన వేలంత పొడవు. మీద సున్నా నుంచి తొమ్మిది వరకు బటన్లు, చివర తాళంచెవి బొమ్మ ఉన్న బటను. ఒక పత్తి వ్యాపారి లెక్కల కోసం తెప్పించమని, మళ్ళీ వద్దన్నాడట. మామూలు పెన్‌డ్రైవు ధరకు ఎన్నో రెట్లు. మా గుప్పెడు బియ్యం డబ్బు దాదాపు మొత్తం పోతుంది. నేను ధర రెండోసారి అడిగాను. రత్నమ్మ ధర వినలేదు, బటన్లు చూస్తోంది.

"పెట్టెలో పెట్టక ముందు చేతిలోనే తాళం తీయల్ల. తాళంచెవి నొక్కి, నంబరు కొట్టి, మళ్ళీ తాళంచెవి. పచ్చ దీపం వస్తాది. ఎంటనే పెట్టెకు పెట్టేయల్ల. పీకినారంటే దానంతట అదే తాళం పడిపోతాది" అన్నాడు బాషా.

"పగలగొట్టి లోపలిది తీస్తే?" రత్నమ్మ అడిగింది.

"తీసుకోనీ అక్కా. లోపలుండేది మీ మాట కాదు. మీ మాటను పిండి పట్టి దాస్తాది. మీరు నంబరు కొడితేనే ఆ పిండి మళ్ళీ మాటైతాది. నంబరు లేనోనికి పిండే. ఆ పిండిలోంచి జొన్నలు ఏరుకోమను సూద్దాం."

"నంబరు మార్చి మార్చి కొడతా కూసుంటే?"

"పదిసార్లు తప్పు కొడితే లోపలిదంతా సాఫ్. నేను తియ్యలేను, చేసిన కంపెనీవోళ్ళూ తియ్యలేరు."

"సూపించు."

బాషా నా వైపు చూశాడు. "అక్కా, అది చేస్తే మళ్ళీ అంతా కొత్తగా పెట్టల్ల. కొంటామని ఒట్టేయండి, సూపిస్తా."

"మాలో ఒట్టు పెట్టగూడదు. మాటంటే మాటే" అంది రత్నమ్మ.

ఆయన "మీ మాట చాలు" అని అందులో ఒక పాట ఎక్కించాడు. నంబరు కొట్టి మా పెట్టెలో పెడితే పాడింది. కంప్యూటరు లేకుండా, ఏ తీగా లేకుండా మా పెట్టెలోనే పాడింది. పీకి రత్నమ్మ చేతికిచ్చాడు. ఆమె తోచిన నంబర్లు కొట్టడం మొదలుపెట్టింది. ఎర్ర దీపం. మళ్ళీ ఎర్ర దీపం. షాపులోకి వచ్చిన ఇంకో మనిషి కూడా నిలబడి చూశాడు. చివరిసారి కొట్టాక దీపాలు ఏదో వేరేగా మిణుకుమన్నాయి. బాషా తీసుకొని కంప్యూటరుకు పెట్టి చూపించాడు. ఖాళీ. పాట లేదు, పాత నంబరు కొట్టినా లేదు. ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే లేకుండా పోయింది. చావు కూడా ఏదో ఒకటి మిగులుస్తుంది. ఇది ఏమీ మిగల్చలేదు. నాకు భయం కూడా వేసింది.

రత్నమ్మ ఆ ఖాళీ వైపు చాలాసేపు చూసింది. "ట్రాక్టరుకు పెడితే?" అని మెల్లగా అడిగింది.

"ట్రాక్టరు కాదు, విమానానికి పెట్టినా పలకదు" అన్నాడు బాషా. వెంటనే చెయ్యెత్తి, "కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. మీరు తెరిచి పెట్టెకు పెట్టినంత సేపూ ఇది మామూలు పెన్‌డ్రైవే. అప్పుడు ఎవడు పక్కనుంటే వాడు ఇంటాడు. పని అయినాక పీకల్ల" అన్నాడు.

ఇక నంబరు పెట్టడం. ఏడు అంకెలకు తగ్గకూడదట. నేను అన్నీ ఒకట్లు కొట్టాను, గుర్తుంటుందని. ఒప్పుకోలేదు, ఎర్ర దీపం. వరసగా కొట్టాను, అదీ ఒప్పుకోలేదు. దీనికి మనకంటే బుద్ధి ఎక్కువ అనుకొని, ఆలోచించి ఒకటి పెట్టాను. అది ఎవరికీ తట్టదు అనుకున్నాను. పచ్చ దీపం వచ్చింది. గర్వంగా రత్నమ్మకు ఇచ్చి, తీయి చూద్దాం అన్నాను.

ఆమె ఒక్క నిమిషం నా ముఖం చూసి, పెదాలు కదుపుతూ కొట్టింది. పచ్చ దీపం. మొదటిసారికే.

బాషా కుర్చీలోంచి లేచాడు. "ఎట్లక్కా?"

"మందిరంలో పాటల పుస్తకం ఉంటాదన్నా. పాట పేరు ఎవురూ సెప్పరు, నంబరు సెప్తారు. ఈమె శుక్రారం మొదట పాడించేది ఒకటి, మధ్యలో ఒకటి, కానుకలు పట్టేటప్పుడు ఒకటి. ఎన్ని ఏండ్లయినా అవే మూడు. మూడూ పక్కపక్కన పెట్టింది." నా వైపు తిరిగి, "మా ఊర్లో పాలు తాగే బిడ్డక్కూడా తెలుసక్కా నీ నంబరు" అంది.

బాషా పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంత పెద్ద తాళం చేసినవాళ్ళు మా పాటల పుస్తకం సంగతి అనుకొని ఉండరు.

"ఇంగ నేను పెడతా" అంది రత్నమ్మ. గోడ వైపు తిరిగి, కొంగు తల మీదుగా కప్పుకొని, అందులో నొక్కింది. బాషా మర్యాదగా వేరే వైపు తిరిగాడు. ఆమె కొంగు తీసేసరికి పచ్చ దీపం వెలుగుతోంది.

"ఏం పెట్టినావే?" అన్నాను.

"సెప్పను."

"నాకూ సెప్పవా? అందరి మాటలూ దీంట్లోనే ఉంటాయి గదా."

"నీకు అసలే సెప్పను. నువ్వు ప్రార్థనకు కండ్లు మూసినావంటే ఉన్నదంతా గట్టిగా దేవునికి సెప్పేస్తావు. ఈది మొత్తం ఇంటాది."

"మర్చిపోతే?"

"పోతే పోనీ. ఊర్లో మోగినదానికంటే అది మేలు గదా."

డబ్బు కట్టి బయటికి వచ్చాక, ఆటోలో నాకు ఒక సంగతి తట్టింది. నంబరు ఆమెకు ఒక్కదానికే తెలుసు కాబట్టి, ఆమె రాకపోతే మా కూటంలో ఎవరూ ఆ పెన్‌డ్రైవు తెరవలేరు. ఇంక ప్రతి శుక్రవారం రావాల్సిందే. అదే చెప్పాను.

"వస్తాలే. లేకపోతే మళ్ళీ యా ట్రాక్టరు ఎక్కిస్తారో" అంది.

దీనమ్మ ఇంట్లో

దీనమ్మ ఇల్లు రైలు స్టేషను వెనక వైపు. ఒకటే గది, వెనక చిన్న పెరడు, కొళాయి. రైలు పోతే గిన్నెలు కదులుతాయి. ఆమె మంచం మీద కూర్చొని ఉంది. నేను దగ్గరికి పోగానే నా తల నిమిరి, చేతికి తగిలిన నూగు నలిపి, "మిల్లుల పక్కన నడిచొచ్చినారు" అంది. నేను నా పేరు చెప్పబోతే చెప్పనీయలేదు. "నీ గొంతు తెలుసులే. ఆ వాకిలి కాడ ఊపిరి పీల్చుకుంటాండేదెవురు?"

రత్నమ్మ గడప అవతలే నిలబడింది.

"మాట్లాడితేనే గదా తెలిసేది."

"నేనేమ్మా" అంది రత్నమ్మ.

"రత్నమ్మా." ఆ ఒక్క మాటకే పోల్చుకుంది. "నీ గొంతు వినక ఎన్నాళ్ళాయ. నీ ముందరామె గొంతూ, నీ తర్వాతామె గొంతూ ఉంటాండె, మధ్యలో నువ్వు లేవు. తర్వాత ఎవురూ లేరు." ఆమె మమ్మల్ని ఎన్నడూ చూడలేదు. అయినా ఎవరి తర్వాత ఎవరు మాట్లాడుతామో వరుసగా చెప్పింది. నేను ఆమె ముఖం వైపే చూస్తూ ఉండిపోయాను.

ట్రాక్టరు సంగతి నేను చెప్పాను. దీనమ్మ చేత్తో తడిమి మంచం మీద చోటు చూపించింది. తర్వాత, "జబ్బు ఎట్లుండాదే?" అని అడిగింది.

రత్నమ్మ తల వంచుకుంది.

"నేను ఈడనే ఉండాను గదా, ఇంగ పెట్టె ఎందుకు. నోటితోనే సెప్పు."

"మొఖం ముందర నోరు రాదమ్మా."

"నాకు కనపడదు గదే."

"నాకు నువ్వు కనపడతావు గదమ్మా."

దీనమ్మ నవ్వింది. "సరే పో. నీ పెట్టె తీసుకోని పెరట్లోకి పో. కొళాయి ఇప్పుకో."

రత్నమ్మ సంచిలోంచి పెట్టె తీసి, పెన్‌డ్రైవు తీసి పెరట్లోకి పోయింది. తలుపు వేసుకుంది. నీళ్ళు పడే చప్పుడు వచ్చింది. నీళ్ళు చాలాసేపు పడ్డాయి. ఒక రైలు వచ్చి పోయింది. దీనమ్మ చేతులు ఒడిలో పెట్టుకొని కూర్చుంది. నాకు ఏం చేయాలో తెలియక గిన్నెలు సర్దాను.

కొళాయి ఆగింది. రత్నమ్మ వచ్చి, పెన్‌డ్రైవు దీనమ్మ అరచేతిలో పెట్టింది. ఆమె దాన్ని తడిమి, బటన్లు ఒక్కొక్కటే ముట్టుకొని, తన పెట్టెకు పెట్టింది. పెట్టె పలకలేదు. తీసి మళ్ళీ పెట్టింది. పలకలేదు.

"తాళం పడినాది" అన్నాను నేను.

రత్నమ్మ అలాగే నిలబడింది. ఇప్పుడా మాట ఆ నల్లటి ముక్కలో ఉంది. బాషా చెప్పినట్టు పిండిగా ఉంది. ఆమె ఊరికే తీసుకొని సంచిలో వేసుకుంటే ప్రపంచంలో ఎవరూ వినలేరు. డాక్టరూ వినలేడు. ఆ సంగతి ఆమెకు తెలుస్తోందని నాకు అర్థమైంది.

రత్నమ్మ మంచం మీద దీనమ్మ పక్కన కూర్చుంది. పెట్టెకున్న పెన్‌డ్రైవు పీకింది. ముసలామె చూపుడు వేలు పట్టుకుంది.

"ఇది తాళంచెవమ్మా" అని ఆ వేలితోనే నొక్కించింది. తర్వాత ఆ వేలిని ఒక బటను మీదికి తీసుకుపోయి నొక్కించింది. అక్కడి నుంచి ఇంకో బటను మీదికి.

నేను బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాను.

వాకిట్లో నిలబడితే లోపల పెట్టె గొంతు సన్నగా మొదలై, వెంటనే ఇంకా తగ్గింది. దీనమ్మ చెవి దగ్గర పెట్టుకొని ఉంటుంది. తర్వాత పెట్టె ఆగిపోయింది. దీనమ్మ మెల్లగా ఏదో అడిగింది. రత్నమ్మ జవాబు చెప్పింది. పెట్టెలోంచి కాదు, నోటితో. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పింది. ఆయాగా పనిచేసినామె అడిగే ప్రశ్నలు ఎట్లా ఉంటాయో నేను ఊహించుకోగలను. నేను వినకూడదని రోడ్డు దాకా నడిచాను.

రత్నమ్మ బయటికి వచ్చేసరికి ఎండ గోడ మీదికి ఎక్కింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొంగు నడుముకు గట్టిగా చుట్టుకుంది. సంచి నాకు ఇచ్చింది, పెన్‌డ్రైవు మాత్రం రవికెలో దోపుకుంది.

"మన ఊరి బస్సుకు టైమైతాంది పా" అన్నాను.

"బస్సు రేపన్నా వస్తాది లేక్కా" అంది. "పెద్దాస్పత్రికి పోయే ఆటోలు యాడ నిలబడతాయో ఎవురినన్నా అడుగు."

అడిగాను. స్టేషను ముందర అన్నారు. ఇద్దరం అటు నడిచాం.